విడవని అతుకు

అందరూ ఆయన్ని బిగింపు మేస్త్రీ అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉండేదిగానీ, పిలిచేవాళ్ళు లేక అది ఎప్పుడో అరిగిపోయింది. తలుపులు, కిటికీలు, బీరువాలు చేసేవాడు. ఆయన చేసిన సొరుగు లాగాలంటే ఒక కాలు బీరువాకి తన్నిపెట్టాలి. ఆయన మూత పెట్టిన చక్కెర డబ్బా ఇంట్లో ఇంకెవరి చేతికీ రాదు. పొద్దున్నే టీ తాగాలనిపిస్తే ముందు ఆయన్ని నిద్ర లేపాలి. కుళాయి కట్టేశాడంటే మళ్ళీ తిప్పడానికి గుడ్డ చుట్టుకోవాలి. ఆయన దగ్గరే పనిచేసే బావమరిది, పొట్టా బట్టతలా వచ్చిన మనిషి, నలుగురిలో అనేవాడు: "మా బావ చొక్కా బొత్తాలు పెట్టుకోవడం వరకే. సాయంత్రం విప్పడానికి ఉలి పట్టుకుని నేనే వెళ్ళాలి."

ఆయన నవ్వేవాడు. వదులు అనే మాటని ఆయన తిట్టుగా వాడేవాడు. నడవడిక బాగోలేనివాణ్ణి, మాట మీద నిలబడనివాణ్ణి, పొద్దెక్కాక లేచేవాణ్ణి, అందర్నీ కలిపి "వదులు సరుకు" అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాడు.

ఇలాంటి మనిషికి భయం పట్టుకుంది. ఆ ఏడు పొడిగాలి మొదలైన రోజుల్లో పట్టుకుంది. భార్య వాయించే చెల్లో గురించి ఆ భయం. అది పాడైపోయిందని కాదు. చాలాకాలంగా అది కిక్కురుమనడం లేదని.

చెల్లో చూడనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. వయొలిన్‌కి అది పెద్దక్క అనుకోండి. చెల్లెలు భుజమెక్కి కూర్చుంటే, అక్క నేలమీద ఒంటికాలు ఊని, వాయించేవాళ్ళ మోకాళ్ళ మధ్య నిలబడుతుంది. గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. జ్వరం తగ్గిన మర్నాడు మంచంమీద లేచి కూర్చుని నెమ్మదిగా మాట్లాడే మనిషి గొంతు ఉంటుందే, అలాంటిది. పైచెక్క చూస్తే బిస్కెట్టంత మందం. తీగల కింద గుర్రం అనే చిన్న చెక్క నిలబడి ఉంటుంది. తీగలన్నీ కలిసి దాన్ని కిందికి నొక్కే నొక్కుడు ఎంతంటే, నిండు మనిషి ఒకడు ఆ పలచటి చెక్క మీద పగలూ రాత్రీ దిగకుండా నిలబడ్డట్టే. ఆ మనిషిని మోస్తూనే అది పాడాలి.

మేస్త్రీ భార్య నాటకశాలలో వాయించేది. రంగస్థలం ముందు, ప్రేక్షకుల కాళ్ళ కింది ఎత్తులో, వాద్యాలవాళ్ళు కూర్చునే చోటుని వాళ్ళు గొయ్యి అనేవారు. "గోతిలోకి దిగే వేళయింది" అని ఒకరినొకరు తొందరపెట్టుకునేవారు. ఆ జోకు పాతబడి, అందులో ఉన్న మాట ఏమిటో కూడా వాళ్ళు మర్చిపోయారు.

ఆ గోతిలోనే మేస్త్రీ ఆమెని మొదట చూశాడు. అప్పటికి ఆమెకి పెళ్ళి కాలేదు, ఆయనకి పేరు రాలేదు. చెల్లో ఒక్కటీ మెల్లగా పాడాల్సిన చోట ఆమె కూర్చున్న కుర్చీ కిర్రుమంటోందనీ, ప్రేక్షకులు నవ్వుతున్నారనీ, వడ్రంగి కోసం కబురు పంపారు. ఆయన వచ్చి కుర్చీని తలకిందులు చేసి, కాళ్ళన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు. ఆ రోజు నుంచీ ఆ కుర్చీ మాట్లాడలేదు. సంబంధం కలపడానికి ఆమె తరఫు పెద్దలు వచ్చినప్పుడు అబ్బాయి ఎలాంటివాడని అడిగితే, ఆమె చెప్పిందట: "నా కుర్చీని నోరు మూయించాడు." దాన్ని అందరూ మెచ్చుకోలుగానే తీసుకున్నారు. ఆమె కూడా ఆ ఉద్దేశంతోనే అంది.

చెల్లో ఆమెకి పెళ్ళికి ముందునుంచీ ఉంది. పెళ్ళయిన కొత్తలో దాన్ని చూసి ఆయన, "నాకంటే ముందే ఇంట్లో ఉంది కాబట్టి నీకు అక్క వరస. అంటే నాకు వదినగారు" అని తేల్చాడు. ఆ వరస ఖాయమైపోయింది. బయటినుంచి రాగానే, "వదినగారి ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగేవాడు. గదిలో దాన్ని దాటుకుని వెళ్ళాల్సివస్తే, "కొంచెం తప్పుకోండి వదినగారూ" అనేవాడు. ఆమె, "మా అక్క జోలికి వెళ్ళకండి, దానికి కోపం ఎక్కువ" అనేది.

కోపం ఎక్కువే. ఏటా పొడిగాలి మొదలయ్యేసరికి వదినగారికి ఏదో ఒక చోట అతుకు విడేది. పైచెక్కా పక్కచెక్కా కలిసే అంచున, వెంట్రుక దూరేంత సందు. వాయిస్తుంటే గదిలో ఈగ తిరుగుతున్నట్టు జుమ్మనే చప్పుడు. ఆమె దాన్ని పెట్టెలో పెట్టుకుని, బూట్లు కుట్టే దుకాణం మీది మేడగదికి మోసుకెళ్ళేది.

ఆ గదిలో ఉండే ముసలాయన్ని జిగురు బాబాయి అనేవారు. తీగల వాద్యాలకి వైద్యం చేసేవాడు. పశువుల చర్మం ఉడకబెట్టి తీసిన పాతకాలపు జిగురు ఎప్పుడూ ఒక చిన్న గిన్నెలో వెచ్చగా ఉండేది. మెట్లెక్కేవాళ్ళకి ఆ వాసన కింది తోలుదో, పై తోలుదో తెలిసేది కాదు. ఆయనకి ఒక అలవాటు. వేలు మడిచి, కణుపుతో ప్రతి వస్తువునీ కొట్టి వినేవాడు. చెల్లో అంచు చుట్టూ కొట్టుకుంటూ వెళ్తే గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, విడినచోట ఒక చప్పుడు. ఆ అలవాటు చేతికి పట్టేసి, బల్లనీ తలుపునీ కూడా కొట్టేవాడు. ఒకసారి భార్యతో కలిసి వెళ్ళిన మేస్త్రీ వీపుని కూడా కొట్టి చూసి, "అల్లుడుగారు గట్టివారే" అన్నాడు. ఆమె ఆయన్ని బాబాయిగారూ అంటుంది కాబట్టి ఈయన అల్లుడు.

"పొడిగాలి రాగానే ఒకసారి, తడిగాలి తిరగ్గానే ఒకసారి తీసుకురా అమ్మాయ్. బాగున్నా సరే తీసుకురా" అనేవాడు జిగురు బాబాయి. "వేళ్ళు నొప్పెడుతున్నాయంటే తీగ ఎత్తయిందని గుర్తు. గుర్రం ముందుకి వాలిందంటే, పడేలోగా నా దగ్గరికి రావాలి. జుమ్మంటే అతుకు విడిందని. ఇవన్నీ అది నోరు విప్పి చెప్పుకునే జబ్బులు. చెప్పుకునే జబ్బుకి నేను చాలు."

"మరి చెప్పుకోని జబ్బుకి?" అని నవ్వుతూ అడిగిందామె.

"దానికీ నేనేలే. కాకపోతే అప్పుడు నేను చేసేది వైద్యం అవదు."

ఇంటికొచ్చాక ఆమె భర్తకి చెప్పింది: "బాబాయిగారి జిగురు కావాలనే నాసిగా ఉంటుందిటండీ. విడాల్సి వచ్చినప్పుడు అతుకే విడాలిట."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. "కావాలనే! ఎందుకుండదూ? అది గట్టిగా ఉంటే నువ్వు ఏటా ఆ మెట్లెందుకు ఎక్కుతావు?" బావమరిది కూడా అందుకున్నాడు: "మనం కూడా తలుపులకి ఆ జిగురే వాడదాం బావా. ఏటా వాళ్ళే మోసుకొస్తారు." కుటుంబంలో అదొక నవ్వుల సరుకైంది. చుట్టాలొస్తే చెప్పుకునేవారు. ఆమె కూడా నవ్వేది.

తర్వాత ఒక పొడికాలంలో, కొత్త నాటకం మొదలవబోతుంటే, వదినగారు మళ్ళీ జుమ్మంది. జిగురు బాబాయి ఊళ్ళో లేడు, కూతురింటికి వెళ్ళాడు. మేస్త్రీకి కావాల్సింది దొరికింది. పడవల చెక్కలు అతికించే జిగురు డబ్బా ఒకటి ఆయన దగ్గరుంది.

"ఒక్క రెండ్రోజులాగితే బాబాయిగారు వచ్చాక..." అందామె.

"ఆయనొస్తే వచ్చే ఏడు మళ్ళీ విడుతుంది. ఇదయితే వేడినీళ్ళు పోసినా, సుత్తితో కొట్టినా కదలదు. కర్ర విరగాలిగానీ అతుకు విడదు. చూస్తూండు."

ఆయన ఆ పనిని ఎంత ప్రేమగా చేశాడో చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. పలచటి రేకుతో అంచంతా తడిమి, సందు ఉన్నచోటా, ముందు ముందు వస్తుందేమోనన్న చోటా, చుట్టూరా ఆ జిగురు ఎక్కించాడు. బయటికి వచ్చింది వచ్చినట్టే తుడిచాడు. పైన ఒక్క చుక్క మరక లేదు. ఆరిన తర్వాత ఆమె చేతికిచ్చి, పసిపిల్లని తల్లికి అప్పగించినవాడిలా నిలబడ్డాడు. ఆమె వాయించింది. కాసేపు ఆగి మళ్ళీ వాయించింది.

"ఎలా ఉంది?"

"పర్లేదండీ" అందామె.

ఆ ఏడు వదినగారు కిక్కురుమనలేదు. మరుసటి ఏడూ అంతే, ఆపై ఏడూ అంతే. మేస్త్రీ ఛాతీ ఒక అంగుళం వెడల్పయింది. పెళ్ళిళ్ళకెళ్ళినా చావులకెళ్ళినా ఆ కథే. "వైద్యుడి దగ్గరికి వెళ్ళడమే మానేసింది మా వదినగారు." ఆమె పక్కన కూర్చుని వినేది. ఈమధ్య ఆమె మాటలు తగ్గాయని ఎవరూ గమనించలేదు. కూర ఎలా ఉందన్నా, కొత్త చెప్పులు కరుస్తున్నాయా అన్నా, "పర్లేదండీ" అనేది. పూర్వం పొడికాలంలో వాళ్ళిద్దరికీ ఏదో ఒక విషయం మీద పోట్లాట జరిగేది, పక్కింటివాళ్ళు వినేటంత. అది కూడా మానేశారు. ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆయన ఆ సంతోషాన్ని కూడా తన జిగురు ఖాతాలోనే వేసుకున్నాడు.

ఈ ఏడు రెండు సంగతులు కలిశాయి. పొడిగాలి ఎప్పుడూ లేనంత ముందుగా, పదునుగా మొదలైంది. పెదవులు పగిలాయి. దువ్వెన పెడితే జుట్టు చిటపటలాడింది. రెండోది, ప్రేక్షకులు చలికి వణక్కుండా నాటకశాలవాళ్ళు వేడిగాలి ఊదే యంత్రం పెట్టించారు. దాని మూతి సరిగ్గా గోతి పక్కనే. "గోతిలో వెచ్చగా ఉందండీ" అని చెప్పిందామె మొదటి రోజు. ఆయన సంతోషించాడు.

ఆ వారంలోనే ఒక తలుపు తిరిగొచ్చింది.

తెచ్చినాయన బండి మీంచి దాన్ని దింపించి, దుకాణం గుమ్మానికి అడ్డంగా ఆనించి, "మేస్త్రీ, మీ తలుపు వేసుకుని కూర్చున్నా వీధిలోవాళ్ళకి మా ఇంట్లో కుర్చీలు కనబడుతున్నాయి. వచ్చి కూర్చోమనడం ఒక్కటే తక్కువ" అన్నాడు. తలుపు నడిమి పలక పైనుంచి కిందిదాకా చీలిపోయి ఉంది. అవతలి వెలుగు గీతలా కనబడుతోంది.

మేస్త్రీకి ముఖం ఎర్రబడింది. పలక అంచు దగ్గర గోటితో గీరి చూశాడు. జిగురు తగిలింది. ఒక్క కేకతో బావమరిదిని పిలిచాడు.

"గాడిలో జిగురెవరు వెయ్యమన్నార్రా?"

"గడగడలాడుతోంది బావా. తలుపు వేస్తే పలక కదులుతోంది. నువ్వేగా వదులంటే పడదంటావు."

"పలక కదలాలిరా! చట్రాన్ని బిగించు, చావబిగించు, ఎవడొద్దన్నాడు! పలకని మాత్రం గాడిలో వదిలెయ్యాలి. పొడిగాలికి కర్ర ముడుచుకుంటుంది, తడిగాలికి ఉబ్బుతుంది. జరగడానికి చోటివ్వకుండా నాలుగు వైపులా అతికించి కూర్చోబెడితే అదేం చేస్తుంది? ఎక్కడికి పోతుంది? నడిమికి చీలుతుంది! ఇన్నేళ్ళొచ్చాయి, ఈ ముక్క తెలీదురా నీకు? మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది!"

బావమరిది చెవి రుద్దుకున్నాడు. తిట్లు తినడం అలవాటే. ఎదురు చెప్పడం అలవాటు లేదు. కానీ తలుపు తెచ్చినాయన ముందు తిట్టాడన్న ఉక్రోషంలో నోరు జారాడు.

"మరి అక్క చెల్లోకి చుట్టూరా జిగురేసింది ఎవరు బావా?"

మేస్త్రీ చెయ్యి గాలిలో ఉంది. అలాగే ఉండిపోయింది. తలుపు తెచ్చినాయన ఏదో అడుగుతున్నాడు, వినపడలేదు. చీలికలోంచి వచ్చే వెలుగు గీత ఆయన చొక్కా మీద నిలువుగా పడింది. ఆయన దాన్ని చూసుకుని, దుమ్ము దులుపుకున్నట్టు చేత్తో దులుపుకున్నాడు. అది పోలేదు.

వీధులన్నీ ఎలా దాటాడో తెలీదు. మేడగది మెట్లెక్కేసరికి జిగురు బాబాయి ఒక వయొలిన్ తీగలు బిగించే బిరడాకి సుద్దపొడి రాస్తున్నాడు.

"అల్లుడుగారా! దారి తప్పారా? అమ్మాయి కనబడి చాలా కాలమైంది. ఇంకో వైద్యుణ్ణి చూసుకుందేమో అనుకున్నా."

మేస్త్రీ నిలబడే చెప్పాడు. ఏ జిగురో చెప్పాడు. ఎక్కడెక్కడ ఎక్కించాడో గాలిలో వేలితో గీసి చూపించాడు. ముసలాయన వింటూ వింటూ సుద్ద కింద పెట్టాడు.

"ఇన్ని పొడికాలాల్లోనూ ఒక్కసారైనా జుమ్మందా?"

"లేదు."

"ఒక్కచోటైనా విడిందా?"

"లేదు బాబాయిగారూ. ఒక్క చప్పుడు లేదు."

"ఇప్పుడెక్కడుంది?"

"రిహార్సల్లో. గోతిలో."

"ఆ వేడిగాలి మిషను పక్కనా?"

మేస్త్రీ తలూపాడు. జిగురు బాబాయి లేచి, చిలక్కొయ్యకి ఉన్న తువ్వాలు తీసి కుండలో ముంచి పిండాడు.

"వెళ్ళి తీగలు వదులు చేయించు. అన్నీ ఒక్కసారి కాదు, ఒక్కోటీ కొంచెం కొంచెంగా. ఈ తడిగుడ్డ పెట్టెలో పెట్టి, చెక్కకి తగలకుండా తీసుకురా. పరిగెత్తకు, మెట్ల మీద పడేస్తావు." మేస్త్రీ గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచి, "అమ్మాయి ఎప్పుడైనా ఏమైనా అందా, గొంతు గురించి?" అని అడిగాడు.

"పర్లేదంది."

"ఊఁ" అన్నాడు ముసలాయన. మడిచిన వేలితో తలుపుచెక్క మీద ఒకసారి కొట్టాడు, అలవాటు చొప్పున.

నాటకశాల పక్క తలుపు ఆయన చేసిందే. భుజం పెట్టి నెడితేగానీ రాలేదు. లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. ముక్కు రంధ్రాలు ఎండిపోయేంత వెచ్చగా. గోతిలో దీపాలు వెలుగుతున్నాయి. మిగతా వాద్యాలన్నీ ఆగి, చెల్లో ఒక్కటీ పాడే చోటు అది. ఆమె కళ్ళు మూసుకుని కమాను లాగుతోంది. కుర్చీ కిర్రుమనడం లేదు.

ఆయన చాలాకాలంగా ఆ పాట వింటూనే ఉన్నాడు. ఈ రోజు మొదటిసారి గొంతు విన్నాడు. జ్వరం తగ్గిన మనిషి గొంతు కాదది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. తను చేసిన సొరుగుని కాలు తన్నిపెట్టి లాగినప్పుడు వచ్చే ఊపిరిలా ఉంది. ప్రతి స్వరం బయటికి వచ్చేముందు ఎక్కడో ఇరుక్కుని, విదిలించుకుని వస్తోంది. ఎప్పటినుంచి ఇలా? ఆయనకి జవాబు తెలుసు.

"ఆపు!" అన్నాడు.

కమాను ఆగింది. ముఖాలన్నీ తిరిగాయి. బృందాన్ని నడిపించే ఆయన చేతిలోని పుల్లని దించి, "మేస్త్రీగారూ, మాకు ఇక్కడ తలుపులేవీ ఊడలేదండీ" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏమైందండీ? తమ్ముడికేమైనా...?" అంటూ ఆమె లేవబోయింది.

"అందరూ బాగానే ఉన్నారు. వదినగారి తీగలు వదులు చెయ్యి. మెల్లగా. నీ పుణ్యముంటుంది, ఏమీ అడక్కు."

ఆమె ఏమీ అడగలేదు. అది ఆయన్ని ఇంకా భయపెట్టింది. ఎందుకు, ఏమిటి, నలుగురిలో పరువు తీశారు అనాల్సిన మనిషి, భర్త ముఖంలోకి ఒకసారి చూసి, ఈ రోజు వస్తుందని తెలిసిన మనిషిలా బిరడాల మీద చెయ్యి వేసింది.

జిగురు బాబాయి బల్ల మీద దుప్పటి పరిచి సిద్ధంగా ఉన్నాడు. చెల్లోని పడుకోబెట్టి, అంచు చుట్టూ కణుపుతో కొట్టుకుంటూ వచ్చాడు. అంతటా ఒకటే చప్పుడు. పొట్టిగా, పొడిగా, వెనక ఏమీ మిగలకుండా. విడిన చోటు ఒక్కటీ లేదు. మేస్త్రీ ఆ చప్పుడు వింటే ఇదివరకు మురిసిపోయేవాడు.

తర్వాత ముసలాయన కళ్ళజోడు పైకి తోసి, గుర్రం ఒక కాలు దగ్గరికి వంగి, అద్దం మీద ఊదినట్టు ఊదాడు. వార్నిష్ మీద ఆవిరి పరుచుకుంది. మెల్లగా ముడుచుకుంటూ పోయింది. పోతూ పోతూ ఒక సన్నటి గీత దగ్గర ఆగి, గీతని మాత్రం వదిలి మాయమైంది. చూపుడువేలంత పొడవు. తీగల బరువంతా దిగే చోటు.

"కొత్తదే. ఈ పొడిగాలిది" అన్నాడు. "ఇంకా లోపలికి దిగలేదనుకుంటా. ఇవాళ రాత్రి నాటకం ఆడి ఉంటే దిగేది. రేపు కూడా ఆడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. తీగ లాగుడుకి పైచెక్క కూలిపోతుంది ఒక్కోసారి. మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయిస్తుండగానే."

ఆమె కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"దీన్ని కుట్టాలంటే పైచెక్క ఊడదియ్యాలి. నా జిగురైతే వెచ్చటి కత్తి పెడితే మూలిగి విడిపోయేది. ఈ జిగురు నాకు అలవాటు లేదు. అల్లుడూ, నువ్వు చెప్పు. దీన్ని ఏది కరిగిస్తుంది?"

'గారు' పోయిందని మేస్త్రీ గమనించాడు. "ఏదీ కరిగించదు."

"వేడినీళ్ళు?"

"లేదు."

"మరి ఏం చెయ్యాలి?"

మేస్త్రీ పైచెక్క అంచు మీద వేలు ఆనించాడు. తను ఎంతమందికి చెప్పుకున్న మాట! "కర్ర విరగాలి" అన్నాడు.

ముసలాయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు.

"అదీ సంగతి అమ్మాయ్" అన్నాడు ముసలాయన ఆమెవైపు తిరిగి. "తెరిస్తే అంచు చీరుకుపోతుంది. కొత్త కర్ర అతకాలి. మళ్ళీ పాడుతుంది, అంతవరకు నాది పూచీ. ఏ గొంతుతో పాడుతుందో చెప్పలేను. పాత గొంతు ఎలాగూ రాదు. తెరవకపోతే గోడకి ఆనించి చూసుకోవచ్చు. అలా ఉంచినా ఏదో ఒక పొడికాలంలో ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండానే ఠప్పుమంటుంది. నువ్వే చెప్పాలి."

ఆమె లేచి వచ్చి ఆ గీత పక్కన చెయ్యి పెట్టింది. "తెరవండి బాబాయిగారూ" అంది. "ఆయన్ని కూడా పక్కన ఉండనివ్వండి."

చెల్లో కొన్నాళ్ళు ఆ గదిలో, తడిగుడ్డల మధ్య, తీగలు లేకుండా పడుకుంది. ఆ నాటకానికి గోతిలో ఆమె చోటులో ఇంకెవరో వచ్చి కూర్చున్నారు. ఆ కుర్చీ ఆ వచ్చినవాళ్ళకీ కిర్రుమనలేదట. వచ్చే నాటకాల కాలానికి ఎవర్ని పిలుస్తారో ఎవరూ మాట ఇవ్వలేదు.

తెరిచే రోజున మేస్త్రీ తన ఉలుల్లో అన్నిటికంటే పలచనిదాన్ని నూరుకుని వెళ్ళాడు. ముసలాయన కత్తి ఎక్కడ ఆగిపోతే అక్కడ ఈయన ఉలి. జిగురుని కోయడం కుదరదు కాబట్టి దాని పక్కనున్న కర్రని కోయాలి. తన చేత్తో వేసిన అతుకుని తన చేత్తో చీరుకుంటూ వెళ్ళాడు. ఎంత బాగా వేశాడో ప్రతి అంగుళంలోనూ తెలిసింది. ఒకచోట ఉలి జారకపోయినా కర్ర ఒప్పుకోలేదు. అంచు వెంట పొడుగాటి పేడు ఒకటి, గోరు ఊడినట్టు, లేచి వచ్చింది. ఆ చప్పుడుకి గోడ పక్కన కూర్చున్న ఆమె భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి.

పైచెక్క ఊడి వచ్చాక లోపల చీకటీ, పాత దుమ్మూ, మేస్త్రీ జిగురు తాలూకు పసుప్పచ్చటి పూసల వరసా కనిపించాయి. గట్టిగా, మెరుస్తూ, చెక్కుచెదరకుండా. "పని మాత్రం అమోఘం" అన్నాడు జిగురు బాబాయి. వెక్కిరింపు లేదు ఆ గొంతులో.

ఖాళీ పెట్టె పట్టుకుని ఇద్దరూ ఇంటికి నడిచారు. ఖాళీ పెట్టె నిండు పెట్టెకంటే బరువని మేస్త్రీకి ఆ రోజు తెలిసింది. పొడిగాలి ఎదురు కొడుతోంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగాడు.

"ఏమిటండీ?"

"గొంతు పట్టేసిందని."

ఆమె కొంతదూరం నడిచింది. "మీరు అతికించి నా చేతికిచ్చారు చూడండి. ఆ రోజే."

"మరి చెప్పవేం?"

"అంత సంబరంగా నిలబడితే ఏం చెప్పను?" అంది. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ జిగురు డబ్బా ఇంకా ఉందా?" అంది.

"అయిపోయింది."

"చెల్లోకి అంత పట్టిందా?"

"చెల్లోకి కొంచెమే."

నడుస్తుంటే ఆయనకి ఒక్కోటీ గుర్తుకు రాసాగాయి. ఆమె బీరువా. పడగ్గది కిటికీ పలకలు. వంటింటి బల్ల. బావమరిది కూతురి రాతబల్ల. గడగడలాడిన ప్రతిదానికీ, కిర్రుమన్న ప్రతిదానికీ, ఇన్నేళ్ళుగా.

ఇల్లు చేరగానే చెప్పులైనా విప్పకుండా వేలు మడిచి బీరువా తలుపు కొట్టి చూశాడు. పొట్టిగా, పొడిగా, వెనక ఏమీ మిగలని చప్పుడు. కిటికీ కొట్టాడు. బల్ల కొట్టాడు. గది గదికీ తిరిగాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. ఒక్కటీ కిక్కురుమనడం లేదు. బయట గాలి ఈలవేస్తూ తిరుగుతోంది, ఈ కాలం ఇంకా మొదట్లోనే ఉంది.

తిరిగి తిరిగి ఆమె కూర్చున్న కుర్చీ దగ్గరికి వచ్చి, వీపు చెక్క మీద కొట్టబోయి ఆగాడు.

"నన్ను కూడా కొట్టి చూస్తారా ఏమిటి?" అందామె. నవ్వించడానికే అంది. ఆయన నవ్వలేదు. మోకాళ్ళ మీద ఆమె ఎదురుగా నేలమీద కూలబడ్డాడు.

"ఎలా ఉన్నావే?" అని అడిగాడు.

ఆమె పెదవులు ఆ పాత మాట కోసం కదిలాయి. సగం వచ్చి ఆగింది. చేతులు ఒళ్ళోంచి తీసి కుర్చీ చేతుల మీద పెట్టింది. ఖాళీ పెట్టె వైపు చూసింది, తర్వాత ఆయన వైపు.

"మీరేమీ అనుకోనంటే చెప్తాను" అంది.

"అనుకుంటాను" అన్నాడు బిగింపు మేస్త్రీ. "అయినా చెప్పు."